కస్తూరమ్మ సోంపు చెట్టు

"గా కట్టెలు అవతల పారెయ్యకు రాహేలూ. ఇటు తే, నా ముక్కు కాడ పెట్టు" అంది కస్తూరమ్మ వరండాలో మంచం మీద నుంచి.

ఆ ఇంట్లో పనిచేసే రాహేలమ్మ గోడవారగా గొంతుక్కూర్చుని ఎండిన కాడల్ని కోస్తోంది. ఎడమ చేత్తో గుప్పెడు కాడల్ని కూడదీసి పట్టుకుని, నేల మీద నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి, కొడవలితో ఒక్క లాగు లాగుతుంది. కార్తీకం దాకా ఊదారంగులో నిలబడి తేనెటీగలకు తీరిక లేకుండా చేసిన పూల కంకులు ఇప్పుడు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. అయినా కోసిన ప్రతిసారీ గుప్పున సోంపు వాసన. కోసినవన్నీ ఒక పురికొసతో కట్టి తెచ్చి మంచం పట్టె మీద పెట్టింది.

కస్తూరమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. పీల్చగానే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా రాహేలమ్మ ఆమె వీపు రాస్తూ నిలబడింది.

రెండేళ్ళ కిందట ఈ దగ్గుకే వికారాబాద్ డాక్టరు దగ్గరికి వెళ్ళి, వచ్చే దారిలో నర్సరీ ముందు కారాపించి కొన్న మొక్క అది. నర్సరీ అతను హిస్సోపు అన్నాడు. ఆ పేరు తమ ప్రార్థనల్లో వస్తుందని రాహేలమ్మ తెగ మురిసిపోయింది. "అయితే ఇది మీ దేవుని చెట్టా? పైసలు నేనిచ్చిన గద, సగం నాది" అని కస్తూరమ్మ ఎగతాళి చేసింది. తర్వాత ఆ పేరు ఇద్దరికీ నోరు తిరక్క సోంపు చెట్టని స్థిరపడింది. పొద్దుటెండ తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడే ఆ మూలే దానికి పడింది. కింద బండల ముక్కలు పోసి, నీళ్ళు నిలవకుండా మట్టి ఎత్తు చేసింది రాహేలమ్మ.

"అత్తమ్మా, సచ్చిన చెట్టుకు గింత సేవ ఏంది?" అంటూ కోడలు వైశాలి మందు సీసాతో బయటికి వచ్చింది. "ఆయన ఆ మూల దాకా బండలు పరిపిస్తమంటున్నరు. కారు తిప్పుకోనీకి మంచిగుంటది."

"సచ్చిందని నీకెవరు చెప్పిన్రే? పండుకున్నది. వంగి చూడు, అడుగున ఆకు ఉన్నది."

వైశాలి వంగి చూడలేదు. నవ్వి, మందు తాగించి లోపలికి వెళ్ళిపోయింది. చెడ్డ పిల్లేం కాదు. కంది కొత్త పంట దిగే రోజులు, మొగుడు మార్కెట్ యార్డు నుంచి ఎప్పుడొచ్చి అన్నమడుగుతాడో తెలియదు, ఆమె పరేషాన్ ఆమెది.

"ఇగ ఇను రాహేలూ" అంది కస్తూరమ్మ గొంతు తగ్గించి. "నేను పోయినంక గీ చెట్టును తీసుకపోయి, నన్ను పూడ్చిన కాడ నా గద్దె మీద పెట్టు."

"పొద్దుగాల పొద్దుగాల్నే ఏం మాటలమ్మా ఇవి!"

"పొద్దుగాలనే మాట్లాడాలె. పొద్దు గూకితే నాకు దమ్ము ఆడదు. మా కొడుకు శివశంకర్ మంచోడు. ఏడాదికోసారి గద్దె కాడికి వస్తడు, టెంకాయ కొడ్తడు, ఫోనొస్తది, పోతడు. వాణ్ణేమంట? వాని యాపారం వానిది. పూలదండలు రెండు దినాలల్ల వాడిపోతయి. ఇదైతే ఎవరూ రాకున్నా ఏటేట అదే వస్తది. ఒంటిగ కూసుండుడు నాతోని కాదే."

రాహేలమ్మ వంగి, మంచం పట్టె మీద రాలిన పొడిని చేత్తో దులిపింది.

"ఒట్టు పెట్టు" అంది కస్తూరమ్మ.

"మా కాడ ఒట్లు పెట్టుకోరమ్మా. మాట ఇస్తరు."

"అయితే మాట ఇయ్యి."

రాహేలమ్మ ఇచ్చింది. మట్టి చెయ్యి చీరకు తుడుచుకుని, కస్తూరమ్మ చేతిలో పెట్టి మరీ ఇచ్చింది.

ఆ వారం తిరక్కుండానే కస్తూరమ్మ పోయింది. తెల్లవారి రాహేలమ్మ పనికొచ్చేసరికి గేటు ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల్నుంచి శంఖం వినిపించింది. లింగాయతుల ఇల్లు కనుక పడుకోబెట్టలేదు. హాల్లో గోడకు ఆనించి, కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు పట్టుబట్ట చుట్టి, నుదుటి నిండా విభూతి పెట్టారు. ఎన్నో నెలలుగా మంచం దిగని మనిషి ఆ రోజు నిటారుగా కూర్చుంది. గడప దగ్గర నిలబడి చూసిన రాహేలమ్మకు, "ఏమే, ఇప్పుడా వచ్చుడు?" అని అడగబోతున్నట్టే అనిపించింది.

పూజ చేయించే జంగమయ్య వచ్చాడు. యార్డు నుంచి హమాలీలు, అడ్తిదారులు వచ్చారు. గుల్బర్గా దిక్కు చుట్టాలు కన్నడంలో ఏడ్చారు. రాహేలమ్మ చాయలు అందించింది, గిన్నెలు తోమింది, మధ్యలో పెరట్లోకి వెళ్ళి నిలబడి వచ్చింది. మధ్యాహ్నానికి డప్పులు మొదలయ్యాయి. కుర్చీతో సహా కస్తూరమ్మను ఎత్తి, పూలు కట్టిన ట్రాక్టరు మీద పెట్టారు. ఆడవాళ్ళు కూడా కదిలారు. రాహేలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, చెప్పుల గుట్టలో తన చెప్పులు వెతుక్కుంది.

"నువ్వు యాడికి రాహేలమ్మా?" అంది వైశాలి. ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "శవం లేసినంక ఇల్లు కడగాలె గద. అందరు మల్లొచ్చి కాళ్ళు కడుక్కునే వరకు సాఫ్‌గ ఉండాలె. నువ్వు గూడ పోతె ఎవరు జేస్తరు, చెప్పు?"

నిజమే మరి, ఎవరు చేస్తారు? ఒక చెప్పు కాలికి తొడుక్కుంది, ఒకటి చేతిలో ఉంది. రెండూ మళ్ళీ గోడ పక్కన పెట్టింది.

డప్పులు సందు దాటాయి, రైలు గేటు దాటాయి, ఆపైన వినిపించలేదు. రాహేలమ్మ బకెట్ల కొద్దీ నీళ్ళు గుమ్మరించి, ఫినాయిల్ పోసి, చీపురుతో హాలంతా కడిగింది. నలిగిన పూలు, బియ్యపు గింజలు, విభూతి మరకలు అన్నీ మోరీలోకి పోయాయి. కస్తూరమ్మ వీపు ఆనిన చోట గోడకు నూనె జిడ్డు అంటితే తడిగుడ్డతో అది కూడా తుడిచేసింది. ముప్ఫై ఏళ్ళు ఒక మనిషికి నీళ్ళు తోడి, ఒళ్ళు రుద్ది, నెత్తి దువ్విన మనిషి, ఆఖరికి పిడికెడు మట్టి వెయ్యడానికి ఎందుకు పనికిరాకుండా పోయిందో ఆ ఇంట్లో ఎవరినడిగినా చెప్పలేరు. ఎవరూ కావాలని చెయ్యలేదు. పగబట్టి చేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఒకరు దొరికేవారు.

మర్నాడు శివశంకర్ వాకిట్లో టేపు పట్టి కొలిపించాడు. పెద్దకర్మకు చుట్టాలందరూ వస్తారు, శామియానా వేయాలి, ఆలోగా వాకిలంతా బండలు పరిపించాలి. "రాహేలమ్మా, ఆ మూలంత సాఫ్ చెయ్యి. రేపు బండల లారీ వస్తది" అన్నాడు.

"సేటూ, గీ చెట్టును గద్దె మీద పెట్టుమని అమ్మ చెప్పింది. తీసుకపోయి పెట్టనా?"

అతని చెవి దగ్గర ఫోనుంది. అవతల ఎవరో కంది ధర చెబుతున్నారు. "అట్లనే, అట్లనే" అన్నాడు చెయ్యి ఊపుతూ. ఫోనుతో అన్నాడో, ఆమెతో అన్నాడో అతనికే తెలియాలి. రాహేలమ్మకు ఆ మాట చాలింది.

చెట్టు చుట్టూ జానెడు వదిలి ఖుర్పీతో గుండ్రంగా గీసింది. నాలుగు వైపులా లోతుగా పొడిచి, కింద చేతులు పెట్టి, మట్టి ముద్ద విడిపోకుండా పైకి లేపింది. వేర్లు అనుకున్నదానికంటే బలిశాయి. బండ ముక్కల్ని గట్టిగా పట్టుకుని ఉంటే వాటిని కూడా ఊడదీయకుండా అలాగే తీసి, తడి గోనె సంచిలో చుట్టింది. సంటి పిల్లను ఎత్తుకున్నట్టు సంక మీద పెట్టుకుంది.

"వైశాలమ్మా, అమ్మ గద్దె ఎక్కడ?"

"దర్వాజ దాటంగనే ఎడమ దిక్కు, యాపచెట్టు కింద. కొత్తది గద, కనవడ్తది."

లింగాయతుల బొందలగడ్డ ఊరి బయట, కరణ్‌కోట పోయే రోడ్డు మీద ఉంది. సిమెంటు లారీలు పోతుంటే లేచిన దుమ్ము గేటు మీద తెల్లగా పేరుకుంది. రాహేలమ్మ గేటు బయట కాసేపు నిలబడింది. ఇది తనవాళ్ళ చోటు కాదు, ఎవరైనా ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? లోపల పిట్ట కూడా లేదు. పోతే పోనీ, తిడితే పడదాంలే అనుకుని లోపలికి నడిచింది.

వేపచెట్టు కింద ఒక పక్క ఎవరో ఏదో కడుతున్నట్టున్నారు. నీలం ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని మీద ఇసుక, ఇటుకలు, బోర్లించిన ఇనుప గమేళా ఉన్నాయి. దాని పక్కనే చిన్న మట్టి గద్దె. కూర్చున్న మనిషిని పూడ్చింది కనుక పొడుగ్గా కాక గుండ్రంగా, దగ్గరగా ఉంది. మీద ఇంత విభూతి, ఆరిన మట్టి దీపం, వాడిపోయిన ఒకే ఒక్క పూలదండ.

"గింతేనా అమ్మా?" అంది రాహేలమ్మ పైకే. "గంతమంది వచ్చిన్రు, ఒక్క దండనా మిగిలింది?" మిగిలినవి ఆవులు తిని ఉంటాయని సర్దిచెప్పుకుంది. నీళ్ళ డబ్బా, సంచి తీసి ఇసుక కుప్ప మీద పెట్టింది. గద్దె అంచున గుంట తీసి, అడుగున బండ ముక్కలు వేసి, మట్టి ముద్ద దించి, చుట్టూ అరచేత్తో అదిమింది. నీళ్ళు కొద్దికొద్దిగా, మట్టి తాగాక మళ్ళీ కొద్దిగా పోసింది. పని అయ్యాక చేతులు ఆ ఇసుక మీదే కడుక్కుంది. కొంగు కప్పుకుని తన దేవుడితో రెండు ముక్కలు చెప్పుకుంది. కస్తూరమ్మ దేవుడు ఏమనుకోడులే అనుకుంది. తిరిగి వస్తుంటే, కస్తూరమ్మ పోయిన తర్వాత మొదటిసారి ఆకలేసింది.

పెద్దకర్మకు మూడు రోజుల ముందు, కొత్తగా పరిచిన బండల మీద సిమెంటు మరకల్ని రాహేలమ్మ ఇటుక ముక్కతో రుద్దుతోంది. వైశాలి ఫోను పట్టుకుని పక్కకు వచ్చి వంగింది.

"ఇగో చూడు, అత్తమ్మ గద్దె మస్తుగొచ్చింది. మన దిక్కు బండ వద్దని నల్లరాయి తెప్పించిన్రు ఆయన. పొద్దుగాలనే బిగించిన్రట."

ఫోటోలో వేపచెట్టు, దాని కింద అద్దంలా మెరిసే నల్లరాయి గద్దె. నాలుగు వైపులా సిమెంటు. రాయి మీద తెల్లటి అక్షరాలు. ఫోటో అంచున, సగమే కనబడుతూ, చిన్న మట్టి గద్దె. దాని మీద నాలుగు వేళ్ళ ఎత్తున కోసిన మోళ్ళు.

"జర పెద్దగ చెయ్యమ్మా" అంది రాహేలమ్మ. చేతులు తడిగా ఉన్నాయని ఫోను పట్టుకోలేదు.

వైశాలి రెండు వేళ్ళతో పెద్దది చేసింది. మోళ్ళ అడుగున ఆకులు కూడా కనిపించాయి.

"పక్కనిది ఎవరిది?"

"ఏమో. బండల పాలిష్ మిషిన్ల కాడ పనిచేసేటోళ్ళ ఆడమనిషి అట. అత్తమ్మ పోయిన దినమే పోయిందట, పాపం."

రాహేలమ్మ ఇటుక ముక్క పక్కన పెట్టి, ఆ బండ మీదే కూలబడింది. పట్టా కప్పి ఉన్నదే అమ్మ. ఎవరో ఏదో కట్టుకుంటున్నారనుకుని సంచి పెట్టిందీ, చేతులు కడిగిన మురికి నీళ్ళు పోసిందీ అమ్మ మీదనే. ఆ రోజు డప్పుల వెనక నాలుగడుగులు నడవనిచ్చి ఉంటే ఈ పొరపాటు జరిగేదా? ఇచ్చిన మాటను మోసుకెళ్ళి ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టి వచ్చింది.

"ఏమైంది రాహేలమ్మా? చాయ తాగుతవా?" అంది వైశాలి.

"ఏం గాలే" అంది.

తెల్లారి పనికి వెళ్ళకుండా ఖుర్పీ, గోనె సంచి పట్టుకుని నేరుగా బొందలగడ్డకు నడిచింది. వేరు ఇంకా పట్టుకుని ఉండదు, తేలిగ్గానే వస్తుంది. తీసి అమ్మ దగ్గర పెట్టాలి, అంతే. దారి పొడవునా అదే అనుకుంది. ఆ రెండో మనిషిని తలుచుకోకూడదనుకుంది కూడా.

వేపచెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి బండ పొడి. ఎన్ని స్నానాలు చేసినా పోని పొడి అది. ప్లాస్టిక్ సీసాలోంచి సోంపు చెట్టు మొదట్లో గడగడా నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు మడుగు కట్టాయి.

"గట్ల గుమ్మరించకు! వేరు కుళ్ళుతది" అని రాహేలమ్మ నోటి నుంచి తన్నుకొచ్చింది.

అతను ఉలిక్కిపడి సీసా ఎత్తేశాడు. ఆమెను చూశాడు, చేతిలో ఖుర్పీని చూశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా యవ్వా, గీ చెట్టు పెట్టింది?"

రాహేలమ్మ ఖుర్పీని కొంగులోకి లాక్కుంది. అవునంది.

"నా పేరు జంగప్ప. మాది అవతల కర్ణాటక దిక్కు. పాలిష్ మిషిన్ కాడ పనికొచ్చినం." సీసాను రెండు చేతులతో పట్టుకున్నాడు. "మా బసమ్మను తెచ్చిన నాడు నేను, మా మేస్త్రి, బొంద తవ్వినోడు, అయ్యవారు, గంతే మనుషులం. పక్కన గీ సేటమ్మకు డప్పులేంది, జనమేంది! చూసి నా పానం ఎట్లనో అయింది. ఊరు గాని ఊరికి తెస్తి, ఒక్క మనిషితోని దోస్తాన్ లేకుంట ఒంటిగనే సంపితి గదా అని కొట్టుకుంటుంటి. మూడో నాడు వచ్చి చూస్తె గీ చెట్టున్నది. ఆకు తెంపి చూస్తె సోంపు వాసన. ఎవరో ఉన్నరు, మా ఇంటామెకు గూడ ఒక మనిషున్నది అనుకున్న. అప్పటి సంది జర బుక్కెడన్నం లోపలికి పోతున్నది."

రాహేలమ్మ అతని భుజం మీదుగా నల్లరాయి వైపు చూసింది. నాలుగు మూలలా సిమెంటు గట్టిపడింది. చుట్టూ రాతి నేల. గడ్డి పరకకు కూడా సందు లేదు. సరైన గద్దె మీదనే పెట్టి ఉంటే చెట్టు ఈపాటికి ఆ రాయి కింద నలిగి ఉండేది. ఇప్పుడు తవ్వి తీసినా పెట్టడానికి మట్టి లేదు. అయినా తియ్యాలనే అనిపించింది. అది అమ్మది. ఆ మాట చెప్పేస్తే అయిపోతుంది, చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

"మా బసమ్మ నీకెట్ల ఎరుకనమ్మా?" అన్నాడు జంగప్ప.

మాట ఇవ్వడం తప్ప ఒట్టు పెట్టడం ఎరగని మనిషి రాహేలమ్మ. అబద్ధమాడితే దేవుడు వింటాడని పొద్దుకు పదిసార్లు అనుకునే మనిషి.

"నీళ్ళ కాడ" అంది. "నీళ్ళకు పోయిన కాడ కలుస్తుంటిమి."

జంగప్ప గబగబా తలూపాడు. "అవునవును! నీళ్ళకు పోతె జల్దిన రాకపోతుండె. ఎవరితోని ముచ్చట్లే ఇంతసేపు అని నేను లొల్లి పెడ్తుంటి. ఎవ్వరు లేరని బుకాయిస్తుండె, చూసినవా? నువ్వుంటివన్నట్టు." నవ్వబోయాడు. మొహం నవ్వులోకి పోకుండా ఏడుపులోకి తిరిగింది. "ఇప్పుడు పోతె ఎంతసేపన్న ఉండనిద్దునమ్మా. ఒక్క మాటనకపోదును."

రాహేలమ్మ అతని ఎదురుగా కూర్చుంది. కొంగులోంచి ఖుర్పీ తీసి, మడుగు కట్టిన నీళ్ళు పోవడానికి సన్నగా కాలువ గీసింది. పైకి తేలిన వేరు మీద మట్టి కప్పి వేళ్ళతో అదిమింది.

"ఇను అన్నా. మన్ను ఆరినంకనే నీళ్ళు పొయ్యి. ఎండకాలం ఒడిలిపోయినట్టయితది, బుగులు పడకు. పీకకు. వానలు పడంగనే మొదట్ల నుంచి పిలకలేస్తది. పూలు ఊదారంగుల ఉంటయి. అయిపోయినంక నాలుగు వేళ్ళ ఎత్తు ఇడిసిపెట్టి కొయ్యి. ఏటేట గంతే."

"ఏటేట వస్తదా?"

"వస్తది. మనం రాకున్నా వస్తది."

అతను ఒక్కొక్క మాటనూ పెదాలతో మళ్ళీ అనుకున్నాడు. మిషిన్ల కూత వినిపించేసరికి సీసా మూత బిగించి, "మల్ల వస్తవా యవ్వా?" అని అడిగాడు. "వస్త" అంది రాహేలమ్మ. అతను ఆమెకు రెండు చేతులూ జోడించి, రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

ఎవరూ లేరు. రాహేలమ్మ లేచి నల్లరాయి దగ్గరికి వెళ్ళింది. అప్పుడే దాని మీద లారీల దుమ్ము సన్నగా పడింది. చదువు రాదు కనుక ఏ అక్షరాలు ఎవరి పేరో తెలియలేదు. రాయి పక్కన చతికిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. గట్టిగా, ముక్కు చీదుకుంటూ, కడుపులోంచి ఏడ్చింది.

ఏడుపు కాస్త నెమ్మదించాక, వరండాలో మంచం పక్కన నిలబడి మాట్లాడినట్టే మాట్లాడింది.

"మాట తప్పిన అమ్మా. నీ చెట్టును పక్కింటామెకు ఇచ్చిన. ఆమెకు ఎవ్వరూ లేరు. కోపం చెయ్యకు. వాసన నీ దాక వస్తదిలే."